హిమానీనదం అడుగున: నేలను చెక్కేది మంచా, నీరా?

అమెరికాలోని ఈరీ సరస్సులో కెల్లీస్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున సున్నపురాయి మీద పెద్ద పెద్ద గాడులు పడి ఉన్నాయి. మొత్తం మీద 120 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మూడు మీటర్లకు పైగా లోతు. దూరం నుంచి చూస్తే తడి మట్టిలో ఎవరో వేళ్లు పెట్టి బలంగా లాగినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్తే గాడి గోడల నిండా సన్నని గీతలు కనిపిస్తాయి, అన్నీ దాదాపు ఒకే దిక్కుకు. ఆ రాయి సుమారు 40 కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్నది. అందులో ఇరుక్కున్న సముద్రజీవుల శిలాజాలు కూడా రాయితో పాటే సమంగా అరిగిపోయాయి.

ఈ పని చేసింది హిమానీనదం అని స్కూల్లోనే చదువుకుంటాం. అది నిజమే, కానీ సగం నిజం. మంచు చాలా మెత్తటి పదార్థం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద, కరగడానికి దగ్గరలో ఉన్న మంచు గట్టిదనం 1.5 దగ్గర ఆగిపోతుంది. సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3, గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్‌ది 7. గోటితో గాజు మీద గీత పడనట్టే, ఒట్టి మంచుతో రాయి మీద గీత పడదు. మరి మూడు మీటర్ల గాడి ఎలా పడింది?

దీనికి జవాబు మంచు బరువులో కంటే దాని అడుగున ఉన్న వేడిలో, నీటిలో ఎక్కువ దొరుకుతుంది. అడుగున ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు. ఆ తేడాతోనే ఒక చోట మంచు కొండను తొలిచేస్తుంది, ఇంకో చోట అలాంటి కొండనే లక్షల ఏళ్లు చెక్కు చెదరకుండా దాచిపెడుతుంది. హిమానీనదాలు వదిలి వెళ్లిన లోయలు, గుట్టలు, గట్లు అన్నిటి వెనకా ఈ తేడా ఉంది.

పైన గడ్డకట్టే చలి, కింద నీళ్లు

అంటార్కిటికాలోని వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జులైలో ఉష్ణోగ్రత మైనస్ 89.2 డిగ్రీలకు పడిపోయింది. నేల మీద థర్మామీటర్‌తో కొలిచిన ఉష్ణోగ్రతల్లో ఇంతకంటే తక్కువ మరెక్కడా నమోదు కాలేదు. సరిగ్గా ఆ కేంద్రం కిందే, సుమారు 3.7 కిలోమీటర్ల మంచు దాటాక, 250 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. 2012 ఫిబ్రవరిలో రష్యన్ డ్రిల్లింగ్ బృందం ఆ నీటిని చేరుకుంది. అంత చలి కింద నీరు గడ్డకట్టకుండా ఎలా ఉంది?

మొదటి కారణం భూమి లోపలి నుంచి వచ్చే వేడి. అది చాలా తక్కువ. చదరపు మీటరుకు సుమారు ఒక వాట్‌లో ఇరవయ్యో వంతు. అయినా అడుగున కరిగే స్థితికి వచ్చిన మంచును అది ఏడాదికి అర సెంటీమీటరు దాకా కరిగించగలదు. పైన కిలోమీటర్ల మందాన పరుచుకున్న మంచు దుప్పటిలా పనిచేస్తుంది కాబట్టి ఆ కాస్త వేడీ బయటికి పోదు. రెండోది ప్రెషర్. కిలోమీటరు మందం మంచు కింద వాతావరణ పీడనానికి 90 రెట్ల ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడికి మంచు కరిగే ఉష్ణోగ్రతే కిందికి జరుగుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున అది సున్నా కాదు, దాదాపు మైనస్ 3. ఇక మూడోది రాపిడి. మంచు కదలడం మొదలైతే చాలు, ఆ రాపిడిలో పుట్టే వేడి ఇంకాస్త మంచును కరిగిస్తుంది, ఆ నీటితో జారుడు ఇంకా పెరుగుతుంది.

ఈ మూడూ కలిసొచ్చిన చోట మంచుకూ రాయికీ మధ్య పలుచటి నీటి పొర ఏర్పడుతుంది. దాని మీద మంచు జారుతుంది. కలిసిరాని చోట మంచు నేలకు అతుక్కుపోతుంది, తన శరీరంలోనే మెల్లగా వంగుతూ సాగుతుంది తప్ప అడుగున జారదు.

జారడం అన్నాక దారిలో గుండ్లు, మిట్టలు అడ్డొస్తాయి. వాటిని మంచు ఎలా దాటుతుందో 1957లో యోహానెస్ వీర్ట్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త విడమర్చి చెప్పాడు. దాని సంగతి ఒక పాత ప్రయోగం చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సన్నని తీగ రెండు కొసలకూ బరువులు కట్టి మంచు దిమ్మ మీద అడ్డంగా వేలాడదీస్తే, తీగ మెల్లగా దిమ్మలోకి దిగి అవతలికి వచ్చేస్తుంది, దిమ్మ మాత్రం రెండు ముక్కలవదు. తీగ కింద ఒత్తిడికి మంచు కరుగుతుంది, ఆ నీరు తీగ పైకి చేరి మళ్లీ గడ్డకడుతుంది. హిమానీనదం అడుగున చిన్న మిట్టల దగ్గర జరిగేదీ ఇదే. మిట్టకు ఎదురుగా కరిగి, వెనక గడ్డకట్టి దాటిపోతుంది. పెద్ద మిట్టల దగ్గర ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే వెనక పుట్టిన వేడి రాయి గుండా ముందుకు చేరడానికి దూరం ఎక్కువైపోతుంది. అక్కడ మంచు ముద్దలా సాగి చుట్టూ ప్రవహిస్తుంది. ఒత్తిడి రెట్టింపైతే మంచు సాగే వేగం సుమారు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, మిట్ట ఎంత పెద్దదైతే ఈ పద్ధతి అంత బాగా పనిచేస్తుంది. రెండు పద్ధతులకూ లొంగకుండా మంచును నిజంగా పట్టి ఆపేవి ఆ మధ్య సైజు మిట్టలే.

ఉప్పు కాగితం, గునపం

మంచు మెత్తటిదే. కానీ దాని అడుగున ఇసుక, గులకరాళ్లు, బండముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఉప్పు కాగితంలో కాగితం చెక్కను అరగదీయదు, దానికి అంటిన గరుకు పొడి అరగదీస్తుంది. ఇక్కడ మంచు ఆ కాగితం లాంటిది, రాళ్లు ఆ పొడి లాంటివి.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఉంది. మంచులో ఇరుక్కున్న రాయి కింది నేలను ఎంత బలంగా నొక్కుతుంది? పైన కిలోమీటరు మంచు ఉంది కాబట్టి ఆ బరువంతా దాని మీదే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. 1979లో బెర్నార్డ్ హాలెట్ అనే శాస్త్రవేత్త ఈ ఆలోచనను తలకిందులు చేశాడు. మంచు రాయిని అన్ని వైపుల నుంచీ చుట్టుకుని ఉంటుంది, నీళ్లలో మునిగిన వస్తువును నీరు చుట్టుకున్నట్టు. పై నుంచి ఎంత ఒత్తిడి ఉందో కింది నుంచీ దాదాపు అంతే ఉంటుంది. రాయి నేలకు అదిమిపట్టుకోవాలంటే మంచు దాన్ని కిందికి మోసుకురావాలి. అడుగు కరుగుతూ ఉంటే పై మంచు కిందికి దిగుతూ రాళ్లను నేలకేసి నొక్కుతుంది. అంటే గీత లోతును నిర్ణయించేది మంచు మందం కాదు, అడుగున కరిగే వేగం.

అంతకు కొన్నేళ్ల ముందు జెఫ్రీ బౌల్టన్ అనే మరో శాస్త్రవేత్త దీనికి భిన్నమైన లెక్క వేశాడు. మంచు బరువులోంచి నీటి ఒత్తిడిని తీసేయగా మిగిలినదే రాయిని నొక్కుతుందని, అది మరీ ఎక్కువైతే రాయి కదల్లేక అక్కడే కూరుకుపోతుందని ఆయన వాదన. ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుని కూర్చోవడం సరికాదు. రాయి చుట్టూ శుభ్రమైన మంచు ఉన్నప్పుడు హాలెట్ చెప్పింది ఎక్కువ నప్పుతుంది. రాయి కింద నీటి ఖాళీలు ఉన్నా, మంచు నిండా రాళ్లు కిక్కిరిసి ఉన్నా కథ మారిపోతుంది. నార్వేలో మంచు కిందే పెట్టి చూసిన ప్రయోగాల్లో, రాళ్లు కలిసిన మంచు గ్రానైట్ పలక మీద చూపిన రాపిడి లెక్కల్లో వచ్చినదానికంటే చాలా ఎక్కువగా తేలింది.

ఈ అరుగుదలలో పుట్టే పొడి పిండి కంటే మెత్తగా ఉంటుంది. తిరగలిలో పడ్డ గింజలా రాయి నలిగిపోతుంది. హిమానీనదం మూతి నుంచి వచ్చే వాగులు పాలు కలిపినట్టు తెల్లగా కనిపించేది దీనివల్లే. ఆ పొడి సరస్సుల్లోకి చేరి త్వరగా అడుక్కి దిగదు. నీటిలో తేలుతూ వెలుగును చెదరగొడుతుంది. కెనడాలోని లేక్ లూయీస్‌కూ, న్యూజిలాండ్‌లోని పుకాకీ సరస్సుకూ ఉన్న ఆ ఆకుపచ్చ కలిసిన నీలం రంగు అరిగిపోయిన కొండలదే.

అయితే అరగదీయడం కంటే పెకలించడమే పెద్ద పని. పగుళ్లున్న రాయి ఎక్కడుంటే అక్కడ హిమానీనదం ఎక్కువ సరుకు పోగుచేసేది బండలను ఊడదీసే. ఉప్పు కాగితం పని నెమ్మది, గునపం పని వేగం. ఈ గునపం ఎవరిదో కాదు, నీటిదే.

మిట్ట దాటిన మంచు వెంటనే కిందికి అతుక్కోదు. మిట్ట వెనక కొంత ఖాళీ మిగులుతుంది, అందులో నీరు చేరుతుంది. ఆ నీటి ఒత్తిడి మంచు బరువును కొంత మోస్తుంది. వేసవి మధ్యాహ్నం పైన కరిగిన నీరు పగుళ్ల గుండా కిందికి దూకితే ఒత్తిడి పెరుగుతుంది, ఖాళీ పెద్దదవుతుంది, మంచు స్పీడ్ పెరుగుతుంది. రాత్రికి నీరు తగ్గి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా నీరు మోస్తున్న బరువు మిట్ట అంచు మీద పడుతుంది. రాయిలోని సన్నని పగుళ్లలో ఉన్న నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాలేదు, లోపల్నుంచి నెడుతూనే ఉంటుంది. పైన బరువు, లోపల ఒత్తిడి, పక్కన ఆసరా లేని ఖాళీ. ఆ మూడింటి మధ్య పగులు కాస్త సాగుతుంది. ఇలా రోజూ కాస్త కాస్త సాగి, ఒక రోజు బండ ఊడి వస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాకుండా కళ్లారా చూసే వీలు కల్పించిన చోటు నార్వేలోని ఎంగాబ్రేన్ హిమానీనదం. అక్కడ జలవిద్యుత్ కోసం మంచు కింది రాతిలో సొరంగాలు తొలిచారు. వాటిని ఆసరా చేసుకుని 1990లలో ఒక ప్రయోగశాల పెట్టారు. దాని మీద సుమారు 200 మీటర్ల మంచు ఉంటుంది. సొరంగం చివర తలుపు తీసి, వేడినీళ్లు చిమ్మి మంచులో గుహ కరిగిస్తారు. మంచు ఊరుకోదు. గుహ గోడలు మెల్లగా లోపలికి ముడుచుకొస్తూనే ఉంటాయి, మళ్లీ మళ్లీ కరిగిస్తేనే పని సాగుతుంది. అక్కడ పరిశోధకులు మంచు అడుగున రాతి మెట్టు ఒకటి అమర్చి, దాని వెనకకు నీళ్లు పంపి ఖాళీ తెరిచారు. తర్వాత ఒత్తిడి తగ్గనిచ్చారు. రాయికి బిగించిన పరికరాలు పగులు సాగేటప్పుడు వచ్చే సన్నని చప్పుళ్లను పట్టుకున్నాయి. నీటి ఒత్తిడి మారినప్పుడే రాయి పగలడం కనిపించింది.

ఈ రెండు పనులూ ఒకే మిట్ట మీద ఎదురుబొదురుగా చూడవచ్చు. మంచు వచ్చిన వైపు వాలుగా, నున్నగా అరిగి ఉంటుంది. మంచు వెళ్లిన వైపు మెట్లు మెట్లుగా, నిటారుగా విరిగి ఉంటుంది. అమెరికాలోని యోసెమిటీలో ఉన్న లెంబర్ట్ డోమ్ దీనికి పేరున్న ఉదాహరణ. ఇలాంటి మిట్టలకు 18వ శతాబ్దం చివర్లో హొరేస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే శాస్త్రవేత్త రోష్ ముటోనె అని పేరు పెట్టాడు. గొర్రె కొవ్వు పూసి అణచిన ఆనాటి ఉంగరాల విగ్గులు ఆయనకు గుర్తొచ్చాయంటారు. తర్వాతి కాలం వాళ్లు పడుకున్న గొర్రెలు అనుకున్నారు. ఏదైనా సరే, అలాంటి ఒక్క మిట్ట కనిపిస్తే చాలు, వేల ఏళ్ల కిందట అక్కడ మంచు ఎటు నుంచి ఎటు వెళ్లిందో చెప్పేయవచ్చు.

ఎత్తుకు ఎక్కే నీరు

నది తాను కలిసే సముద్రపు మట్టం కంటే బాగా లోతుకు తవ్వలేదు. హిమానీనదం తవ్వగలదు. ఫ్యోర్డ్ అంటే మంచు తవ్విన తర్వాత సముద్రపు నీరు నిండిన లోయ. నార్వేలోని సోగ్నె ఫ్యోర్డ్ లోతు 1,300 మీటర్లు. ఇంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, అది సముద్రంలో కలిసే చోట లోతు 200 మీటర్లలోపే. లోపల పాతాళం, గుమ్మం దగ్గర గడప. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా సరస్సు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా దాని అడుగు సముద్ర మట్టం కంటే కిందే. తూర్పు అంటార్కిటికాలో డెన్‌మన్ హిమానీనదం కింది లోయ సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల దిగువకు పోతుందని 2019లో వెలువడిన పటంలో తేలింది. భూమి మీద సముద్రం నిండని చోట్లలో అంత లోతైన లోయ మరొకటి లేదు.

గుంట తవ్వాలంటే తవ్విన మట్టి బయటికి పోవాలి. గుంటలోంచి పైకి ఎక్కించి మరీ బయటికి పంపాలి. ఆ పని నీరు చేస్తుంది, ఎందుకంటే మంచు కింద నీటికి పల్లం అంటే అర్థం వేరు. అక్కడ నీటిని నడిపేది ఎక్కువగా పైనున్న మంచు బరువు. మంచు మందం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి నీరు వెళ్తుంది. లెక్క వేస్తే, మంచు ఉపరితలం వాలు ప్రభావం అడుగు నేల వాలుకు దాదాపు 11 రెట్లు. కాబట్టి నేల ఎదురు వాలుగా ఉన్నా మంచు పైభాగం వాలి ఉంటే నీరు గట్టెక్కుతుంది, ఇసుకనూ గులకనూ వెంటబెట్టుకుపోతుంది.

కానీ దీనికీ ఒక హద్దుంది, అది చాలా చక్కని హద్దు. నీరు పైకి ఎక్కే కొద్దీ దాని మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గడ్డకట్టే ఉష్ణోగ్రత పెరుగుతుంది. అంటే నీరు తన చల్లదనం మారకుండానే గడ్డకట్టే స్థితికి వచ్చేస్తుంది. ఎదురు వాలు మంచు పైవాలుకు ఒకటిన్నర రెట్ల చుట్టుపక్కలకు చేరాక నీటి కాలువలు గడ్డకట్టి మూసుకుపోవడం మొదలవుతుంది. అప్పుడు మట్టి బయటికి పోదు, అడుగున పేరుకుని రాయికి కవచంలా అడ్డుపడుతుంది, తవ్వకం మందగిస్తుంది. గుంట తన లోతుకు తనే కళ్లెం వేసుకుంటుంది.

యు ఆకారపు లోయల గురించి అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. నది అడుగును మాత్రమే కోస్తుంది, మంచు లోయను నింపేస్తుంది కాబట్టి పక్క గోడలను కూడా కోస్తుంది. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ లోయల్లో కనిపించే చదునైన అడుగు చాలాసార్లు అసలు అడుగు కాదు. యోసెమిటీ లోయలో రాతి అడుగు తగలాలంటే కొన్ని చోట్ల 600 మీటర్ల మట్టి దాటాలి. మంచు తవ్విన గుంటను తర్వాతి సరస్సులు, వాగులు పూడ్చేశాయి.

కాపాడే మంచు

ఇప్పటిదాకా చెప్పింది తడి అడుగు సంగతి. ఎండు అడుగు, అంటే నేలకు గడ్డకట్టి అంటుకుపోయిన మంచు, దాదాపు ఏమీ చేయదు. పైగా కాపాడుతుంది.

గ్రీన్‌లాండ్‌లోని క్యాంప్ సెంచురీలో అమెరికన్లు 1966లో 1.4 కిలోమీటర్ల మంచును డ్రిల్ చేసి అడుగు చేరారు. అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 13. కింది నుంచి మూడున్నర మీటర్ల దాకా మట్టి కూడా తీశారు. మంచు మీద ఉన్న శ్రద్ధలో ఆ మట్టి దశాబ్దాల పాటు ఫ్రీజర్లలో మరుగున పడిపోయింది. తర్వాత వెలికితీసి చూస్తే అందులో మొక్కల కొమ్మలు, ఆకులు ఉన్నాయి. సుమారు 4 లక్షల ఏళ్ల కిందట అక్కడ మంచు లేదని 2023లో తేల్చారు. ఇంత మంచు అన్ని లక్షల ఏళ్లు పైన కూర్చున్నా చిన్న ఆకు చిదిమిపోలేదు. మంచు బరువే చెక్కుతుంది అనే మాటకు ఇంతకంటే సూటైన జవాబు అక్కర్లేదు.

గాంబుర్ట్‌సెవ్ పర్వతాలది ఇదే కథ, పెద్ద ఎత్తున. తూర్పు అంటార్కిటికా నడిబొడ్డున 1950ల చివర్లో సోవియట్ బృందం మంచు మందం కొలుస్తుంటే కింద ఆల్ప్స్ అంతటి పర్వతశ్రేణి ఉన్నట్టు బయటపడింది. శిఖరాలు, లోయలు ఇంకా పదునుగా ఉన్నాయి. సుమారు 3.4 కోట్ల ఏళ్ల కిందట మొదట పుట్టిన చిన్న హిమానీనదాలు వాటిని చెక్కాయి. ఆ తర్వాత కప్పేసిన పెద్ద మంచు వాటిని అలాగే ఉంచేసింది.

మెత్తటి నేల, కదిలే గుట్టలు

హిమానీనదం అడుగున ఎప్పుడూ రాయే ఉండదు. చాలా చోట్ల మట్టి, ఇసుక, గులక, బండలు అన్నీ కలగలిసిన టిల్ ఉంటుంది. 1970లలో ఐస్‌లాండ్‌లోని బ్రేదామెర్కుర్యోకుట్ల్ అంచున బౌల్టన్ బృందం ఆ మట్టిలో గుర్తులు పాతి కొన్నాళ్ల తర్వాత చూసింది. హిమానీనదం కదలికలో దాదాపు పదింట తొమ్మిది వంతులు మంచులో కాదు, కింది మట్టిలోనే జరిగింది. నేల మీద మంచు జారడం కాదు, నేలే మంచుతో కలిసి నడిచింది. 1986లో పశ్చిమ అంటార్కిటికాలో భూకంప తరంగాల పద్ధతితో చూసినప్పుడు, ఇప్పుడు విలన్స్ అని పిలిచే మంచు ప్రవాహం కింద కొన్ని మీటర్ల మందాన నీరు నిండిన మెత్తటి మట్టి పొర కనిపించింది. ఏడాదికి వందల మీటర్లు కదిలే ఆ ప్రవాహం ఎలా సాగుతోందో అప్పుడు అర్థమైంది.

ఈ మెత్తటి నేల నుంచి పుట్టేవే డ్రమ్లిన్లు. బోర్లా పెట్టిన చెంచాలా ఉండే గుట్టలు ఇవి. మంచు వచ్చిన వైపు మొద్దుగా, వెళ్లిన వైపు తోకలా సన్నబడుతూ ఉంటాయి. వందల మీటర్ల పొడవు, పదుల మీటర్ల ఎత్తు. ఒక్కటిగా రావు, వేలల్లో వస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో అంటారియో సరస్సుకు దక్షిణాన సుమారు 10,000 ఉన్నాయి. ఐర్లాండ్‌లోని క్లూ బేలో అవి సముద్రంలో సగం మునిగి దీవులయ్యాయి. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని దీవులు అని అక్కడి వాళ్ల మాట.

అవి ఎలా పుడతాయన్న దాని మీద వందేళ్లకు పైగా వాదన నడిచింది. చిక్కంతా వాటి కడుపులోనే ఉంది. కొన్నిటిని తవ్వితే టిల్, కొన్నిటిలో గులక, కొన్నిటిలో రాయి. రూపం ఒకటే, సరుకు వేరు. 1980ల నుంచి జాన్ షా అనే శాస్త్రవేత్త మంచు కింద మహా వరదలే వీటిని మలిచాయని వాదించాడు. మరో వర్గం దీన్ని గాలికి ఇసుక మీద అలలు పడటంతో పోల్చింది. మంచు, కింది మెత్తటి మట్టి కలిసి కదిలినప్పుడు చదును నిలవదు, చిన్న ఉబ్బు ఉంటే అది తనంతట తనే పెరుగుతుంది అని వాళ్ల లెక్క.

వాదనను మలుపు తిప్పింది పశ్చిమ అంటార్కిటికాలోని రట్‌ఫర్డ్ మంచు ప్రవాహం. అది రెండు కిలోమీటర్లకు పైగా మందం, రోజుకు సుమారు ఒక మీటరు వేగం. అక్కడ ఒకే గీత మీద 1991, 1997, 2004లో మూడుసార్లు భూకంప తరంగాలతో అడుగును చూశారు. మొదటి ఆరేళ్లలో అడుగున ఒక చోట ఏడాదికి మీటరు చొప్పున మట్టి కోసుకుపోయింది. తర్వాతి ఏడేళ్లలో ఆ కోత ఆగి, అదే ప్రాంతంలో 10 మీటర్ల ఎత్తు, 100 మీటర్ల వెడల్పు గుట్ట లేచింది. భూగర్భ శాస్త్రంలో వేల ఏళ్ల పని అనుకున్నది ఒక పరిశోధకుడి ఉద్యోగ జీవితంలోనే జరిగిపోయింది, అదీ మహా వరద ఏదీ లేకుండా. షా వాదన అన్ని చోట్లా తప్పని దీంతో రుజువు కాకపోవచ్చు. కానీ డ్రమ్లిన్ పుట్టాలంటే వరద కావాల్సిందే అనే మాట ఇక నిలబడదు.

డ్రమ్లిన్ నేల కదలికను చెబితే, ఎస్కర్ నీటి కదలికను చెబుతుంది. మంచు కింద నీరు పారే సొరంగం తన నీటి రాపిడి వేడితో పైకి కరుగుతూ ఉంటుంది, మంచు లోపలికి ముడుచుకొస్తూ దాన్ని మూయాలని చూస్తుంది. ఈ పోటీ లెక్కను 1972లో హన్స్ రోట్లిస్‌బెర్గర్ తేల్చాడు. సొరంగం పెద్దదైతే అందులో ఒత్తిడి తగ్గుతుంది, చుట్టుపక్కల చిన్న సొరంగాల నీరు దానిలోకి వచ్చి చేరుతుంది. అలా కొన్ని పెద్ద కాలువలే మిగులుతాయి. వాటి అడుగున ఇసుక, గులక పేరుకుంటాయి. చివరికి చుట్టూ ఉన్న మంచు కరిగిపోతే నది పోయి దాని అడుగు మాత్రం గట్టులా నిలబడుతుంది, అదే ఎస్కర్. కెనడాలోని థెలాన్ ఎస్కర్ అక్కడక్కడా తెగుతూ సుమారు 800 కిలోమీటర్లు సాగుతుంది. కొన్ని ఎస్కర్లు కొండ ఎక్కి దిగుతాయి. మామూలు నది అయితే అది అసాధ్యం, పైన చెప్పిన మంచు ఒత్తిడి గుర్తుంటే అందులో వింత లేదు. స్వీడన్‌లోని ఉప్సాలా నగరం తాగే నీరు ఇలాంటి గట్టులోని ఇసుకలోంచే వస్తుంది.

ఎంత వేగంగా?

2020లో ప్రపంచవ్యాప్త కొలతలను పోగేసి వేసిన ఒక అంచనా ప్రకారం, 99 శాతం హిమానీనదాలు నేలను ఏడాదికి 0.02 నుంచి 2.68 మిల్లీమీటర్ల మధ్య కోస్తాయి. వంద రెట్లకు పైగా తేడా. ఈ తేడాలో పెద్ద భాగం మళ్లీ అడుగున జారే వేగానిదే. న్యూజిలాండ్‌లోని ఫ్రాన్జ్ జోసెఫ్ హిమానీనదం దగ్గర జరిగిన పరిశోధనలో కోత జారే వేగానికి వర్గంగా పెరుగుతుందని తేలింది. వేగం రెట్టింపైతే కోత నాలుగు రెట్లు.

మంచు నేలను మలుస్తుంది, తర్వాత ఆ నేలే మంచును ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదిలేయాలో నిర్ణయిస్తుంది. పశ్చిమ అంటార్కిటికాలోని థ్వెయిట్స్ హిమానీనదం వేగంగా వెనక్కి తగ్గుతుందేమోనని ఇంత టెన్షన్ ఉండటానికి కారణం ఇదే. దాని అడుగు లోపలికి పోయే కొద్దీ పల్లమవుతుంది, అంచు వెనక్కి జరిగితే ఆపే మిట్టలు తక్కువ. 2019లో రాన్ అనే మనిషి లేని జలాంతర వాహనం ఆ హిమానీనదం ముందు సుమారు 700 మీటర్ల లోతున సముద్రపు నేలను పటం గీసింది. అక్కడ ఒకదాని వెనక ఒకటిగా 160కి పైగా చిన్న గట్లు కనిపించాయి. ఒక్కోటి మీటరు ఎత్తు కూడా లేదు. మంచు అంచు ఆటుపోట్లతో లేస్తూ పడుతూ మెత్తటి నేలను రోజుకు ఒకసారి అదిమినప్పుడు పడ్డ ముద్రలవి. గట్ల మధ్య దూరాన్ని బట్టి లెక్క వేస్తే, గత రెండు శతాబ్దాల్లో ఏదో ఒక సమయంలో, ఆరు నెలల లోపు కాలం పాటు, అక్కడ మంచు ఏడాదికి 2.1 కిలోమీటర్లకు పైగా వేగంతో వెనక్కి జరిగింది. 2011 నుంచి 2019 దాకా ఉపగ్రహాలు అదే హిమానీనదంలో అత్యంత వేగంగా వెనక్కి జరిగే చోట కొలిచిన వేగానికి అది రెట్టింపు.